పాత సింగిల్ షాట్ రైఫిల్‌కు ధర కట్టే ముందు: మార్చిన చేయి ఎవరిది?

అందరికీ నమస్కారం.

ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టే పాత అమెరికన్ రైఫిళ్ల గురించి, అందులోనూ ఎవరో తమ అవసరానికి మార్పించుకున్న రైఫిళ్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వాటికి ధర ఎలా కట్టాలి, ఎలా అమ్మాలి అన్నదే ఈరోజు విషయం. మీలో కొందరు సేకరించేవాళ్లు ఉన్నారు. కొందరికి మామగారి నుంచో, పాత ఇంటి యజమాని నుంచో వచ్చి ఇంట్లో ఉండిపోయిన రైఫిల్ ఒకటి ఉంది. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

రైఫిల్ పట్టుకొచ్చిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ఒకటే. "ఇది ఎంత చేస్తుందండీ?" నేను వెంటనే అంకె చెప్పను. ఇంకో మూడు సంగతులు అడుగుతాను. దీన్ని మార్చింది ఎవరు? ఏ కాలంలో మార్చారు? ఆ మాట నిలబెట్టడానికి మీ దగ్గర ఏముంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే ధర దానంతట అదే ఒక దారికి వస్తుంది. దొరక్కపోతే ఎంత అందమైన రైఫిల్ అయినా సరే, కొనేవాడు దాన్ని విడిభాగాల లెక్కలోనే చూస్తాడు. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ రైఫిళ్లు ఏవో చూద్దాం. 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికాలో వచ్చిన షార్ప్స్, బల్లార్డ్, రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్, స్టీవెన్స్, వీటన్నిటి తర్వాత వించెస్టర్ 1885. వించెస్టర్ కథ మీకు తెలిసే ఉంటుంది. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో జాన్ బ్రౌనింగ్ అనే కుర్రవాడు ఒక సింగిల్ షాట్ రైఫిల్ తయారుచేసి 1879లో పేటెంట్ తీసుకున్నాడు. 1883లో వించెస్టర్ కంపెనీ మనిషి అక్కడికి వెళ్లి ఆ హక్కులు 8,000 డాలర్లకు కొన్నాడు. 1885 నుంచి అది మార్కెట్లోకి వచ్చింది. 1920 దాకా సుమారు 1,40,000 రైఫిళ్లు తయారయ్యాయి. పెద్ద తూటాలకు హై వాల్, చిన్న తూటాలకు లో వాల్ అని రెండు రకాల రిసీవర్లు (రిసీవర్ అంటే బ్యారెల్ బిగించే, ట్రిగ్గర్ భాగాలుండే ఉక్కు చట్రం). మనం మాట్లాడుకునే మార్పుచేర్పుల్లో ఎక్కువ భాగం ఈ వించెస్టర్ మీద, ఆ తర్వాత బల్లార్డ్, స్టీవెన్స్ మీద జరిగినవే.

మరి వీటినే ఎందుకు ఇంతగా మార్చారు? రెండు కారణాలు, రెండు వేర్వేరు కాలాలు. ఈ తేడా తెలియకపోతే ధర కట్టలేం.

మొదటిది షూట్జెన్ కాలం. జర్మనీ, స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు తమతో పాటు గురి పోటీల ఆచారాన్ని తెచ్చుకున్నారు. 200 గజాల దూరంలో లక్ష్యం. నిలబడి, ఏ ఆసరా లేకుండా కాల్చాలి. ఊరూరా సంఘాలు, వాటికి పార్కులు, బ్యాండు మేళాలు, కుటుంబాలతో సహా తిరునాళ్లలా జరిగేవి. అలా నిలబడి కాల్చే మనిషికి రైఫిల్ తన ఒంటికి సరిపోవాలి. చెంప ఆనే చోట చెక్క ఎత్తు, భుజాన్ని పట్టుకునే కొమ్ముల బట్ ప్లేట్, ఎడమ అరచేయి కింద నిలిచే పామ్ రెస్ట్, ఊపిరి తగిలితే చాలు పేలే డబుల్ సెట్ ట్రిగ్గర్, ఇవన్నీ ఒక్కో మనిషి కొలతకు చేయించుకున్నవి. మొదటి ప్రపంచ యుద్ధంతో అమెరికాలో జర్మన్ సంఘాలపై వ్యతిరేకత వచ్చి ఈ ఆట చాలావరకు చల్లబడిపోయింది. ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న రైఫిళ్లు అటకలెక్కాయి.

రెండో కాలం 1930ల నుంచి 50ల దాకా. అప్పటికి ఈ పాత రైఫిళ్లు దాదాపు ఎవరికీ అక్కర్లేనివి, చవగ్గా దొరికేవి. అదే సమయంలో .22 హార్నెట్ వంటి చిన్న, వేగమైన తూటాలు వచ్చాయి. పొలాలు పాడుచేసే ఉడ్‌చక్‌ల వంటి చిన్న జంతువులను దూరం నుంచి కొట్టాలనుకునేవాళ్లకు గట్టి రిసీవర్ కావాలి. హై వాల్ అందుకు బాగా సరిపోయింది. పాత బ్యారెల్ విప్పేసి కొత్తది బిగించారు. పైన టెలిస్కోప్ కోసం రంధ్రాలు వేశారు. పాత చెక్క తీసేసి, ఆనాటి ఫ్యాషన్ ప్రకారం లావాటి ముందు చెక్క, ఎత్తైన చెంప ఆనిక పెట్టారు. కొందరు తూటా పెట్టడానికి కిందికి లాగి తెరిచే లివర్‌ను కూడా వంచి కొత్త రూపం ఇచ్చారు. ఈరోజు మన చేతికి వచ్చే "కస్టమ్" రైఫిళ్లలో చాలా భాగం ఈ రెండో కాలానివే.

రెండు కాలాల్లోనూ గొప్ప పనివాళ్లు ఉన్నారు, వట్టి కోత పనివాళ్లూ ఉన్నారు. తేడా పసిగట్టడమే మన పని.

ఇక అసలు విషయానికి వద్దాం. రైఫిల్ చూడగానే నేను దాన్ని నాలుగు గంపల్లో ఏ గంపలో వేయాలా అని ఆలోచిస్తాను.

ఒకటి, కంపెనీయే ప్రత్యేకంగా చేసి ఇచ్చినది. ఆ రోజుల్లో వించెస్టర్‌కు ఆర్డర్ రాస్తే పొడుగు బ్యారెల్, బరువు బ్యారెల్, మంచి వాల్‌నట్ చెక్క, చెకరింగ్ (చెక్క మీద పట్టు కోసం చెక్కే గళ్ల గీతలు), నగిషీ, ఏది కావాలంటే అది చేసేవాళ్లు. ఇవి మార్చిన రైఫిళ్లు కావు, పుట్టుకతోనే అలా పుట్టినవి. వీటికి సాక్ష్యం ఉంది. వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్నంలో బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్ అనే మ్యూజియం ఉంది. వించెస్టర్ పాత ఫ్యాక్టరీ లెడ్జర్లు అక్కడే భద్రంగా ఉన్నాయి. సీరియల్ నంబర్ ఇచ్చి రుసుము కడితే, ఆ రైఫిల్ ఏ తూటాకు, ఎంత పొడవు బ్యారెల్‌తో, ఏ ట్రిగ్గర్‌తో, ఏ రోజు గిడ్డంగి నుంచి బయటికి వెళ్లిందో ఉత్తరం రాసి ఇస్తారు. 1885 మోడల్‌లో 1,09,999వ నంబర్ దాకా ఆ పుస్తకాలు ఉన్నాయి. మీ దగ్గర ఆ నంబర్ల లోపు రైఫిల్ ఉంటే, అమ్మే ముందు ఆ ఉత్తరం తెప్పించుకోకుండా ఒక్క అడుగు కూడా వేయకండి. దానికయ్యే ఖర్చు, అది కలిపే విలువతో పోలిస్తే లెక్కలోకి రాదు. బల్లార్డ్‌కు, స్టీవెన్స్‌కు ఇలాంటి సౌకర్యం లేదు. అక్కడ రైఫిల్ ఒంటిమీద ఉన్న గుర్తులనే చదవాలి.

రెండు, ఆ కాలంలోనే పేరుమోసిన చేతుల్లో మారినది. డెన్వర్‌లో జార్జ్ షోయెన్, సిరక్యూస్‌లో జిషాంగ్, అందరికంటే ముందు హ్యారీ పోప్. దీని గురించి కాస్త ఆగి మాట్లాడాలి. ఎందుకంటే డబ్బంతా, మోసమంతా కూడా ఇక్కడే ఉంది.

పోప్ 1861లో పుట్టి 1950లో పోయాడు. కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో బ్యారెళ్లు చేయడం మొదలుపెట్టాడు. 1901లో స్టీవెన్స్ కంపెనీ ఆయన్ని, ఆయన పనిని తన కిందికి తీసుకుంది. ఆ కొద్ది ఏళ్లలో వచ్చినవాటి మీద స్టీవెన్స్-పోప్ అన్న ముద్ర ఉంటుంది. తర్వాత ఆయన శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి దుకాణం పెట్టుకున్నాడు. 1906 భూకంపం దాన్ని మింగేసింది. చివరికి జెర్సీ సిటీలో స్థిరపడి ముసలితనం దాకా అక్కడే పనిచేశాడు. ఆయన బ్యారెల్ లోపల, గుండు గిర్రున తిరుగుతూ వెళ్లేలా మెలికగా కోసిన గాడులు ఎనిమిది ఉంటాయి. మెలిక ఎడమ వైపు తిరుగుతుంది. పైగా అది మొదట్లో నెమ్మదిగా ఉండి, మూతి వైపు వెళ్లేకొద్దీ వేగం పుంజుకుంటుంది. మీ చేతిలో ఉన్న "పోప్" బ్యారెల్‌లో ఆరు గాడులు కుడివైపు తిరుగుతుంటే, పైన ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా గట్టిగా అనుమానించాల్సిందే. ముద్ర కొట్టడం తేలిక. అలాంటి గాడులు కోయడం ఎంతమందికి చేతనవుతుంది?

పోప్ పద్ధతిలో ఇంకో విశేషం ఉంది. గుండును మూతి వైపు నుంచి లోపలికి దించి, తుపాకీ మందు నింపిన కేసును (తూటా వెనక ఉండే లోహపు గొట్టం) మాత్రం బ్యారెల్ వెనక భాగమైన బ్రీచ్ నుంచి పెట్టేవాళ్లు. గుండు గాడుల్లోకి వంకర పోకుండా సూటిగా దిగడానికి ఫాల్స్ మజిల్ అనే చిన్న ముక్క ఉంటుంది. దాన్ని బ్యారెల్ మూతికి తగిలించి, గుండు దించాక తీసేస్తారు. ఆ ముక్కను ఎక్కడినుంచో తెచ్చి పెట్టరు. ఆ బ్యారెల్ ఉక్కు నుంచే కోసి, పిన్నులతో మళ్లీ జతచేసి, రెండింటికీ కలిపి ఒకేసారి గాడులు కోస్తారు. అందుకే ఒక బ్యారెల్ ఫాల్స్ మజిల్ ఇంకో బ్యారెల్‌కు పనికిరాదు. అది పోతే మళ్లీ పుట్టదు.

ఇప్పుడు ఆలోచించండి. పెద్దాయన పోయాక ఇల్లు సర్దుతుంటే రైఫిల్ ఒకచోట, ఒక పాత డబ్బాలో వేలెడంత ఇనుప ముక్క, గుండు దించే కడ్డీ, గుండ్ల అచ్చు ఇంకోచోట దొరుకుతాయి. రైఫిల్ దాచుకుని, డబ్బా పాత ఇనుము వాడికి వేసేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే. ఆ డబ్బా లేని పోప్ రైఫిల్, దానితో ఉన్న పోప్ రైఫిల్ కొనేవాడి దృష్టిలో రెండు వేర్వేరు వస్తువులు. మీ ఇంట్లో ఇలాంటి రైఫిల్ ఉంటే గ్యారేజీ, బేస్‌మెంట్, పాత టూల్ బాక్సులు, మందు కొలిచే గొట్టాలు, కాగితపు టార్గెట్లు, ఉత్తరాలు, రసీదులు, అన్నీ వెతకండి. తేదీ వేసి సంతకం ఉన్న ఒక పాత టార్గెట్ కాగితం రైఫిల్ చరిత్రను నిలబెట్టగలదు. ఏదీ పారేయకండి. ఏది పనికొస్తుందో తెలిసినవాళ్లు చెప్తారు.

మూడో గంప, ఇందాక చెప్పిన 1930ల నుంచి 50ల మధ్య మార్పులు. ఇక్కడ కూడా పేర్లు ఉన్నాయి. మిషిగన్‌లోని డోవాజియాక్‌లో పనిచేసిన అడాల్ఫ్ నీడ్నర్ బ్యారెల్ ఉంటే కొనేవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. కానీ ఎక్కువ రైఫిళ్ల మీద ఏ పేరూ ఉండదు. పని శుభ్రంగా ఉండొచ్చు, చెక్క ఒంటికి అతుక్కున్నట్టు ఉండొచ్చు. అయినా చేసినవాడెవరో తెలియదు. వీటిని నేను చిన్నచూపు చూడను. నా మట్టుకు వీటికి రావలసిన గౌరవం ఇంకా రాలేదనే అనుకుంటాను. ఆనాటి పనివాడు పాత ఇనుముకు కొత్త ప్రాణం పోశాడు. ఆ పని కూడా ఇప్పుడు చరిత్రే. కానీ నా అభిమానం వేరు, బజారు వేరు. అసలు రూపంలో ఉన్న హై వాల్‌కు వచ్చే ధర దీనికి రాదు. పేరులేని మార్పు రైఫిల్‌కు గట్టి రిసీవర్, మంచి బ్యారెల్, సరిగ్గా పనిచేసే ట్రిగ్గర్, వీటి విలువే ఆధారం.

ఒక్క మినహాయింపు టెలిస్కోప్. ఆ కాలపు ఉనెర్టల్, ఫెకర్ వంటి పొడుగాటి టార్గెట్ స్కోపులు కొన్నిసార్లు కింద ఉన్న రైఫిల్‌కు దీటుగా ధర పలుకుతాయి. చాలామంది రైఫిల్‌కు ధర కట్టి స్కోపును దానితో ఊరికే ఇచ్చేస్తారు. రెండూ విడివిడిగా ఎంతో, కలిపితే ఎంతో కనుక్కోండి. రైఫిల్, స్కోపు కలిసే బతికాయని రుజువు ఉంటే మాత్రం వాటిని విడదీయకండి.

నాలుగోది కొత్తగా చేసినది. గత ముప్పై నలభై ఏళ్లలో ఎవరో పాత రిసీవర్ తీసుకుని, ఖరీదైన చెక్క వేయించి, నగిషీ చెక్కించి, రంగులు మళ్లీ తెప్పించినది. చూడ్డానికి ఇవే కళ్లు చెదిరేలా ఉంటాయి. అమ్మేటప్పుడు యజమానికి గుండె నొప్పి తెప్పించేవి కూడా ఇవే. బంగారు నగ చేయించినప్పుడు ఇచ్చిన మజూరీ అమ్మేటప్పుడు తిరిగి రాదని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఇదీ అంతే. చెక్కకు ఇంత, నగిషీకి ఇంత, బ్యారెల్‌కు ఇంత అని బిల్లులన్నీ కూడి ఆ మొత్తం అడిగితే కొనేవాడు దొరకడం కష్టం. అది మీ చేయి పొడవుకు, మీ మెడ పొడవుకు, మీ ఇష్టానికి చేయించుకున్నది. పేరున్న నగిషీ పనివాడి సంతకం ఉంటే సంగతి మారుతుంది. అప్పుడు కొనేవాడు కొనేది ఆ కళను.

ఇప్పుడు రైఫిల్‌ను పరీక్షించడం. మొదట లోడై ఉందేమో చూడాలి. పాత రైఫిళ్లలో తూటా అలాగే ఉండిపోవడం ఎవరూ ఊహించనంత తరచుగా జరుగుతుంది.

తర్వాత నంబరు. వించెస్టర్ 1885లో అది కింది టాంగ్ (రిసీవర్ నుంచి వెనక్కి చెక్కలోకి వెళ్లే ఉక్కు నాలుక) మీద ఉంటుంది. చెక్క లోపలి వైపు, బట్ ప్లేట్ లోపల, టాంగ్ మీద ఒకే అసెంబ్లీ నంబర్ (భాగాలను జతచేసేటప్పుడు కొట్టే గుర్తు) కొట్టి ఉంటే చెక్క ఆ రైఫిల్‌దేనని చెప్పడానికి బలం వస్తుంది. కానీ అది చూడాలంటే విప్పాలి. విప్పడానికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి. చేతికి దొరికిన దానితో తిప్పితే మర గాడి చెడిపోతుంది. ఆ చెడిన గాడిని చూసి కొనేవాడు ఇంకేమేం చెడగొట్టారోనని అనుమానపడతాడు. చేతకాకపోతే విప్పకండి.

బ్యారెల్ మీద ముద్రలు చదవండి. ఉదాహరణకు వించెస్టర్ తన ప్రూఫ్ ముద్రను (కాల్చి పరీక్షించామని చెప్పే గుర్తు) కొట్టడం మొదలుపెట్టింది 1905లో. 1890ల నాటి సీరియల్ నంబర్ ఉన్న రైఫిల్ బ్యారెల్ మీద ఆ ముద్ర కనిపిస్తే బ్యారెల్ తర్వాత మారిందని అర్థం. అలాగని వెంటనే తీసిపారేయకండి. రైఫిల్ తిరిగి ఫ్యాక్టరీకి వెళ్లి అక్కడే కొత్త బ్యారెల్ వేయించుకుని ఉండొచ్చు. అది వేరే కథ, వేరే విలువ.

బ్యారెల్ మీద రాసిన తూటా పేరును గుడ్డిగా నమ్మకండి. మార్చిన రైఫిళ్లలో ఛాంబర్‌ను (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఇంకో తూటాకు కోసి, ముద్ర మార్చకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. ఆ కాలంలో ఒక్కో గన్‌స్మిత్ (తుపాకీ పనివాడు) తన సొంత కొలతలతో తూటాలు పుట్టించాడు. అందుకని ఛాంబర్ అచ్చు తీయించాలి. దీనికి సెరోసేఫ్ అనే మిశ్రమ లోహం ఉంది. నీళ్లు మరిగే వేడి కూడా అక్కర్లేకుండా కరుగుతుంది. ఛాంబర్‌లో పోస్తే గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుని బయటికి వస్తుంది. గంట గడిచేసరికి మళ్లీ అసలు ఛాంబర్ కొలతకు చేరుతుంది. అప్పుడు కొలిస్తే అది ఏ తూటా అన్నది తేలుతుంది. ఈ పని తెలిసిన గన్‌స్మిత్‌తో చేయించండి. ఆ అచ్చును కాగితం మీద కొలతలతో సహా రైఫిల్‌తో పాటు కొనేవాడికి ఇవ్వండి. అమ్మకంలో ఇంతకంటే నమ్మకం కలిగించే వస్తువు లేదు.

బలం సంగతి తప్పకుండా చూడాలి. ఈ రైఫిళ్లలో చాలావాటిని బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) పుట్టించే తక్కువ ఒత్తిడికే తయారుచేశారు. హై వాల్ గట్టిది. లో వాల్ అంత గట్టిది కాదు. స్టీవెన్స్‌లో 44 మోడల్ మెత్తనిది, 44½ బలమైనది, బయటికి ఒకేలా కనిపించి మోసం చేస్తాయి. ఎవరో తెలివితక్కువగా 44 రిసీవర్‌కు .22 హార్నెట్ బ్యారెల్ బిగించి ఉంటే, అది ఇన్నాళ్లు పేలకుండా ఉన్నంత మాత్రాన సురక్షితం కాదు. అలాంటిదాన్ని కాల్చే రైఫిల్‌గా అమ్మకూడదు. కాల్చడానికి కాదని రాసి మరీ అమ్మాలి. ఇందులో బేరానికి తావు లేదు. మనం అమ్మిన వస్తువు ఇంకొకరి కన్ను పోగొట్టకూడదు.

కండిషన్ గ్రేడుల గురించి కూడా అడుగుతుంటారు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పాత తుపాకులకు గ్రేడులు పెట్టింది. ఎక్సలెంట్ అనాలంటే భాగాలన్నీ అసలువే అయి ఉండాలి, అసలు ఫినిష్ (పై పూత, రంగు) 80 శాతం పైన మిగిలి ఉండాలి. ఫైన్ అంటే 30 శాతం పైన. చిత్రంగా అందులో వెరీ గుడ్ అన్నది ఫైన్ కంటే కింది మెట్టు. ఈ పై మెట్లన్నీ "భాగాలన్నీ అసలువే" అన్న మాట మీద నిలబడ్డాయి. మార్చిన రైఫిల్‌కు ఆ మొదటి షరతే వర్తించదు. అయినా అమ్మేవాళ్లు ధీమాగా "ఎక్సలెంట్" అని రాసేస్తారు. మార్చిన రైఫిల్‌కు ఒక్క పదంలో గ్రేడు ఇవ్వకండి. రిసీవర్ ఎలా ఉంది, బ్యారెల్ లోపల ఎలా ఉంది, చెక్కలో పగుళ్లు ఉన్నాయా, రంధ్రాలు ఎన్ని, అవి పూడ్చారా, విడివిడిగా రాయండి.

ఇక అంకె. మార్చిన రైఫిళ్లకు ధరల పుస్తకాలు పెద్దగా సాయపడవు. ఒకేలాంటివి రెండు ఉండవు కదా. నేను చేసే పని రెండు హద్దులు గీయడం. కింది హద్దు భాగాల విలువ. రిసీవర్, బ్యారెల్, సెట్ ట్రిగ్గర్, సైట్లు, పామ్ రెస్ట్, స్కోపు, ఇవన్నీ విడివిడిగా అమ్మితే ఎంత వస్తుంది? టాంగ్ మీద ఉండే వెర్నియర్ సైటు (సన్నటి కొలతలతో ఎత్తు సరిచేసుకునే గురి సాధనం) ఒక్కటే మంచి ధర తెస్తుంది. పై హద్దు, అదే కాలానికి, అదే చేతికి చెందిన రైఫిళ్లు నిజంగా అమ్ముడుపోయిన ధర. అడిగిన ధర కాదు, అమ్ముడుపోయిన ధర. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. మీ రైఫిల్ ఈ రెంటి మధ్య ఎక్కడ నిలుస్తుందో రుజువులు తేలుస్తాయి. కింది హద్దు పై హద్దును దాటిపోయినప్పుడు విప్పి ముక్కలుగా అమ్మేయాలన్న ఆశ పుడుతుంది. డబ్బు లెక్కలో అది సరైనదే కావొచ్చు. పేరులేని, చెడగొట్టిన రైఫిల్ అయితే నాకూ అభ్యంతరం లేదు. కానీ ఒక మంచి చేతి పని చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని విప్పకండి. నూరేళ్లు కలిసున్న భాగాలను విడగొట్టాక మళ్లీ ఎవరూ కలపలేరు.

వేలం ధరలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా వేలం సంస్థలు ప్రచురించే ధరలో కొన్నవాడు అదనంగా కట్టే ప్రీమియం కూడా కలిసి ఉంటుంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం. పాట 4,000 డాలర్ల దగ్గర ఆగింది. ప్రీమియం 20 శాతం అయితే పేపర్లో 4,800 అని వస్తుంది. అమ్మినవాడి కమిషన్ 10 శాతం అయితే చేతికి వచ్చేది 3,600. ఫోటోల ఖర్చు, ఇన్సూరెన్సు, రవాణా ఇంకా పోతాయి. 4,800 చూసి మీ రైఫిల్‌కు అదే వస్తుందనుకుంటే తర్వాత బాధపడతారు.

ఎక్కడ అమ్మాలి? పోప్, షోయెన్ స్థాయిదైతే, దస్తావేజులు ఉంటే, పెద్ద వేలం సంస్థ దగ్గరికి వెళ్లండి. ఇద్దరు పట్టుదల గల కొనుగోలుదారులు ఒకే గదిలో పోటీ పడాలి. అది వేలంలోనే జరుగుతుంది. మూడో గంప రైఫిళ్లకు మాత్రం సాధారణ వేలం మంచిది కాదని నా అభిప్రాయం. అక్కడ దాన్ని అర్థం చేసుకునేవాడు ఆరోజు రాకపోతే అడ్డగోలు ధరకు పోతుంది. వీటిని కాల్చేవాళ్ల మధ్య అమ్మాలి. 1948 నుంచి అమెరికన్ సింగిల్ షాట్ రైఫిల్ అసోసియేషన్ ఉంది. ఆ సభ్యులకు ఈ రైఫిళ్ల భాష తెలుసు. లో వాల్ మీద పాత బ్యారెల్ చూసి "ఇది నాకు కావాలి" అనేవాడు అక్కడ దొరుకుతాడు. టైమ్ పడుతుంది, ఓపిక పట్టాలి. డీలర్‌కు అమ్మితే వెంటనే డబ్బు వస్తుంది, కానీ అతనికీ లాభం మిగలాలి కాబట్టి తక్కువ ఇస్తాడు. అది తప్పేం కాదు. మీకు ధర వెయ్యమన్న మనిషికే అమ్మకపోవడం మాత్రం మంచిది.

చట్టం గురించి క్లుప్తంగా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ యాంటిక్. ఇక్కడ లెక్కలోకి వచ్చేది రిసీవర్ తయారైన సంవత్సరం. తర్వాతివైతే ఇంకో రాష్ట్రంలో ఉన్న మనిషికి నేరుగా పంపకూడదు, లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే వెళ్లాలి. 50 ఏళ్లు దాటితే క్యూరియో అండ్ రెలిక్ (సేకరణకు విలువైన తుపాకీ అని చట్టం గుర్తించే వర్గం) అవుతుందని చాలామంది నమ్ముతారు. వయసుతో ఆ హోదా రావాలంటే రైఫిల్ అసలు రూపంలో ఉండాలి. బాగా మార్చిన రైఫిల్‌కు అది వర్తించకపోవచ్చు. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి, కొన్ని చాలా కఠినం. అమ్మే ముందు మీ రాష్ట్రంలో అడిగి తెలుసుకోండి. వరుసగా కొంటూ లాభానికి అమ్ముతూ పోతే అది వ్యాపారం కిందికి వస్తుంది, దానికి లైసెన్స్ కావాలి.

ప్రకటన రాసేటప్పుడు లోపాలు ముందు రాయండి. ఎక్కడ రంధ్రం వేశారో, ఎక్కడ చెక్క అతికించారో, బ్యారెల్ లోపల ఎక్కడ తుప్పు గుంటలు ఉన్నాయో, దగ్గరి ఫోటోతో సహా చూపించండి. పగటి వెలుతురులో తీయండి. రెండు పక్కలా, పైనుంచి, కింది నుంచి, ముద్రలన్నీ, మూతి, ఛాంబర్. "పోప్ బ్యారెల్" అని రాయడానికీ, "పోప్ అని ముద్ర ఉన్న బ్యారెల్, ఎనిమిది గాడులు, ఎడమ మెలిక, ఫాల్స్ మజిల్ లేదు" అని రాయడానికీ చాలా తేడా ఉంది. రెండోది చదివినవాడు మిమ్మల్ని నమ్ముతాడు. మొదటిది రాసి తర్వాత తప్పని తేలితే డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది, పేరూ పోతుంది. ఈ లోకం చాలా చిన్నది, అందరికీ అందరూ తెలుసు.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.

అక్కడ వెనక నుంచి ఒకరు అడిగారు, అమ్మే ముందు శుభ్రం చేయించి మెరుగు పెట్టిస్తే ధర పెరుగుతుందా అని. పెరగదండీ, పడిపోతుంది. పైన దుమ్ము మెత్తటి గుడ్డతో తుడవండి, పలచగా నూనె రాయండి, అక్కడితో ఆపండి. గరుకు కాగితం, పాలిష్, కొత్త బ్లూయింగ్ (ఉక్కుకు వేసే నల్ల నీలం రంగు), చెక్కకు వార్నిష్, ఏవీ వద్దు. ఒక్క సాయంత్రంలో పోయిన పాత రంగు ఎన్ని వేలు పోసినా తిరిగి రాదు.

ఇంకొకరు, 1940ల్లో మార్చిన హై వాల్‌ను మళ్లీ పాత రూపానికి తెస్తే ఎలా ఉంటుందని అడిగారు. మీ సంతోషం కోసం అయితే చేయించుకోండి. అమ్మడానికి అయితే వద్దు. పాత బ్యారెల్, పాత చెక్క వెతికి కొని బిగించాక కూడా అది అసలు రైఫిల్ అవదు. కోడీ ఉత్తరంతో సరిపోలినా సరే, భాగాలు తర్వాత చేర్చినవని మీరు చెప్పాలి. చెప్తే ధర రాదు, చెప్పకపోతే మోసం. పైగా 1940ల నాటి పని కాస్తా పోతుంది.

చివరగా ఆ అమ్మాయి అడిగింది, మామగారు పోయారు, ఆయన రైఫిళ్లు ఇంట్లో ఉన్నాయి, ఇప్పుడప్పుడే అమ్మే ఉద్దేశం లేదు, అయినా ఏమైనా చేయాలా అని. చేయాలమ్మా. ఇప్పుడే రాతపూర్వకంగా అంచనా వేయించండి. వారసత్వంగా వచ్చిన ఆస్తికి సాధారణంగా ఆయన పోయిన నాటి మార్కెట్ విలువే పన్ను లెక్కకు ఆధారం అవుతుంది. పదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు ఈ కాగితం లేకపోతే ఆ విలువ ఎంతో చెప్పడం కష్టం. అంచనా వేసే మనిషి కొనేవాడు కాకుండా చూసుకోండి. ప్రతి రైఫిల్‌కూ నంబర్, ఫోటోలు, దానితో ఉన్న సామాను జాబితా రాసి పెట్టండి. అత్తగారిని కూర్చోబెట్టి ఏ రైఫిల్ ఎవరి దగ్గర కొన్నారో, ఎవరు బాగుచేశారో ఆవిడకు గుర్తున్నంత వరకు చెప్పించి రికార్డు చేసుకోండి. ఆ పని మాత్రం ఈ వారంలోనే చేయండి. రైఫిళ్లను ఆరిన చోట, తాళం వేసిన సేఫ్‌లో ఉంచండి. తోలు సంచుల్లో పెట్టి వదిలేయకండి, తోలు తేమ పట్టి ఇనుము తుప్పు పడుతుంది.